పందెపు మాటలు – వాని యర్థము

కంది పంట అమ్ముడుపోయి, ఎండలు ముదిరి, చేతిలో కొంత డబ్బును చేయుటకు తక్కువ పనియు నుండు దినములలోనే ఏటేట క్రికెట్టు లీగు పోటీలు వచ్చుచున్నవి. అట్టి దినములలో సాయంకాలము ఏడున్నర దాటిన పిమ్మట మన నవాబుపేటలో చాయ హోటలు నొద్ద అరగంట కూర్చుండి చెవియొగ్గి వినుడు. అచ్చట వినవచ్చు భాష తెలుగు గాదు, ఉరుదూ గాదు, ఇంగ్లీషును గాదు. "భావెంత?" "నలభై – నలభైరెండు." "లగాయీయా, ఖాయీయా?" "ఆరోవర్ల సెషను?" "నలభైయెనిమిది – యాభై. నేను యెస్ వేసినాను." ఆ ప్రక్కనే పత్రిక తిరుగవేయుచు కూర్చున్న పెద్దమనిషికి ఈ మాటలలో నొక్కటియు బోధపడదు. ఆడుచున్న కుఱ్ఱవానికి సగము బోధపడును. ఆ తెలిసిన సగము పందెము వేయుటకు చాలును. తెలియని సగములో వాని తండ్రి భూమి పోవుచున్నది.

ఈ విషయమును గూర్చి మన పత్రికలలో వచ్చు వ్రాతలు రెండు తెఱగులుగా నున్నవి. ఇన్ని ఫోనులు, ఇంత రొక్కము పోలీసులు పట్టుకొనిరను వార్త యొకటి. జూదము మహాపాతకమను ఉపదేశ మొకటి. వార్త చదివినవాడు పట్టుబడకుండ నుండు ఉపాయము నేర్చుకొనుచున్నాడు. ఉపదేశము విన్నవాడు, అది తనకు గాదు, ఓడిపోయినవానికని యెంచి ఊరకున్నాడు. ధర్మరాజు కథ ఎఱుగని తెలుగువా డుండడు. ఆ కథ యెఱిగియుండియే ఆడుచున్నారు గదా. కావున మే మీ వారము పాపపుణ్యముల ప్రసక్తి విడిచి, పందెగాండ్రు వాడు మాటలనే చేతికి తీసికొని, వానిలోని లెక్కను విప్పి చూపదలచితిమి. వానిలో ప్రతి మాటయు నొక ధర. గెలుచు అవకాశ మెంతయో ఆ మాట చెప్పుచున్నదని ఆడువాడు నమ్మును. అది చెప్పునది అవకాశము గాదు. అమ్మువాడు తన లాభము కలిపి నిర్ణయించిన వెల మాత్రమే.

మొదట ఈ మాటల పుట్టుక చూతము. మన దేశమునకు ఇవి గుఱ్ఱముల వెంట వచ్చినవి. హైదరాబాదు పందెములు తొలుత మౌలాలీలో జరుగుచుండి, ఆరవ నిజాము మహబూబలీఖానుని కాలమున 1886 లో మలకుపేటకు మాఱినవి. నేటికిని అచ్చటనే జరుగుచున్నవి. మన ప్రాంతమునుండి రైలెక్కి మలకుపేట పోయి, తిరుగు టిక్కెట్టునకు డబ్బులు లేక నిలిచిపోయినవారి కథలు మా తాతల తరమువారు చెప్పుచుండిరి. ఆ మైదానమున పందెము వేయుటకు రెండు మార్గములు. ఒకటి టోటు. అందఱి డబ్బును ఒక్కరాశిగా పోసి, క్లబ్బువారి భాగమును ప్రభుత్వపు పన్నును మొదటనే తీసివేసి, మిగిలినదానిని గెలిచినవారికి పంచుట. ఇందు మోసము లేదు, కాని పంచుకొనునది తాము పోసినదానికంటె ఎప్పుడును తక్కువయే. రెండవది బుకీ. బుక్కనగా అతని పందెముల చిట్టా. దానినిబట్టియే ఆ పేరు. ఇతడు ప్రతి గుఱ్ఱమునకును ఒక ధర పలుకును. ఇంగ్లీషువారు దీనిని ఆడ్సందురు. "మూడుకొకటి" యనినచో రూపాయి యొడ్డినవానికి రూపాయి తిరిగివచ్చి, పైన మూడు రూపాయలు లాభము. అనగా ఆ గుఱ్ఱము నాలుగు పరుగులలో ఒక్కసారి గెలుచునన్న లెక్క, నూటికి 25 పాళ్లు.

ఇచ్చట నొక చిన్న కూడిక చేసి చూడవలెను. నాలుగు గుఱ్ఱములున్నవనుకొందము. మొదటిదాని ధర సరికి సరి, అనగా నూటికి 50. రెండవది రెండుకొకటి, నూటికి 33.33. మూడవది నాలుగుకొకటి, 20. నాలుగవది తొమ్మిదికొకటి, 10. గెలుచునది ఒక్కటే గుఱ్ఱము గనుక ఇవన్నియు కలిసి నూఱు కావలెను. కూడి చూడుడు: 113.33. ఆ పైనున్న 13.33 ఏ గుఱ్ఱము గెలుచు అవకాశమును గాదు, అది బుకీ గెలుచు అవకాశము. ఈ పాళ్లలో పందెములు వచ్చునట్లు చూచుకొన్నచో, అతడు 113 రూపాయల 33 పైసలు వసూలు చేసి, ఏ గుఱ్ఱము గెలిచినను 100 రూపాయలే చెల్లించును. కావుననే నిజమైన బుకీకి గుఱ్ఱముపై ప్రేమ లేదు. పక్షము వహించువాడు పందెగాడు. అతడు చిట్టా సరిచూచుకొనువాడు.

మైదానపు మిగిలిన మాటలు శీఘ్రముగా చెప్పి దాటుదుము. విన్ననగా మొదటిగా వచ్చు గుఱ్ఱము. ప్లేసనగా మొదటి రెండు మూడు స్థానములలో నెందైనను వచ్చునది. క్వినెల్లా యనగా మొదటి రెండింటిని ఏ క్రమముననైనను చెప్పుట; ఫోర్‌కాస్టనగా అదే క్రమముగా చెప్పుట; తానాలా యనగా మొదటి మూడింటిని క్రమముగా చెప్పుట. పది గుఱ్ఱములు పరుగెత్తిన చోట క్వినెల్లాకు 45 విధములు, ఫోర్‌కాస్టునకు 90, తానాలాకు 720. బహుమానపు సంఖ్య పెద్దదగుటకు కారణము క్లబ్బువారి ఔదార్యము గాదని దీనినిబట్టి తెలియును.

ఇక మన హోటలు నొద్ద విన్న భాషకు వత్తము. భావను మాట మన ప్రాంతపు వర్తకులకు క్రొత్త గాదు, ధాన్యపు బజారులో వినుచున్నదే. తాండూరు మార్కెట్టులో వర్తకుడు కందులను ఒక ధరకు కొని వేఱొక ధరకు అమ్మును. నడుమనున్నది అతని బ్రతుకు. క్రికెట్టు భావును ఖచ్చితముగా నట్టిదే. "నలభై – నలభైరెండు" అనునది గెలుచునని యెక్కువమంది తలచు జట్టునకు పలికిన జంటధర. లగాయీ యనగా ఆ జట్టు గెలుచునని వేయుట: నూఱు ఒడ్డినచో లాభము 40. ఖాయీ యనగా ఆ జట్టు గెలువదని వేయుట: 42 ఒడ్డినచో లాభము 100. ఇప్పుడొకడు పదివేలు లగాయీ వేసినాడు, మఱొకడు అంతే మొత్తమునకు ఖాయీ వేసినాడు, అనగా 4,200 ఒడ్డినాడు. ఆ జట్టు గెలిచినచో బుకీ మొదటివానికి 4,000 ఇచ్చి, రెండవవానియొద్ద 4,200 పుచ్చుకొనును, 200 మిగులు. ఓడినచో ఒకనియొద్ద పుచ్చుకొన్న పదివేలు రెండవవానికి ఇచ్చివేయును, ఏమియు పోదు. వచ్చినచో లాభము, రాకున్న అసలు. ఇట్టి బేరము మన రైతునకు ఏ మార్కెట్టులోనైనను దొరకునా? మార్కెట్టు వర్తకుడు కనీసము గింజ యెత్తి, తూచి, గోనెలో పోసి, ఎలుకల పాలుగాకుండ కాపాడవలెను. ఇతడు ఫోను నొక్కటి కాపాడుకొన్నచో చాలును.

ఈ జంటధరలో వ్యత్యాసము స్వల్పముగా కనబడుటచేత, "బుకీ న్యాయస్థుడే" యని వాదించువారు కలరు. న్యాయమంతయు ముందరి వాకిట నుంచి, దొడ్డివాకిటి సెషనులలో వసూలు చేయుచున్నాడని వారెఱుగరు. సెషననగా ఇన్ని ఓవర్లలో ఇన్ని పరుగులు వచ్చునా రావా యను పందెము. ఆరు ఓవర్లకు "48 – 50" యనినచో, యెస్ అన్నవాడు గెలుచుటకు 50 గాని అంతకు మించిగాని రావలెను. నో అన్నవాడు గెలుచుటకు 48 కంటె తక్కువ రావలెను. 48 గాని 49 గాని వచ్చినచో? ఇద్దఱును ఓడుదురు. రెండు పక్షముల డబ్బును బుకీదే. ఆ రెండంకెల సందులో ఎన్ని ఇండ్లు పోయినవో ఎవ్వరును లెక్క వ్రాయలేదు. ఒక్క పోటీకి ఒక్కటే ఫలితము గాని, సెషనులు పదులకొలది. దీనికి తోడు లక్షకు పేటీ, కోటికి ఖోఖా యని మాఱుపేరులు. లక్షరూపాయలు పోయినవని ఇల్లాలితో చెప్పుటకు నాలుక రాదు. ఒక పేటీ పోయినదని స్నేహితునితో అనుటకు సంకోచమే యుండదు. మాట మాఱగానే డబ్బు బరువు తగ్గినట్లు తోచును. అందులకే ఆ మాటలు పుట్టినవి.

ఫోనులోని యాపులవారు ఈ హిందుస్థానీ మాటలను విడిచి, దశాంశపు అంకెలు పెట్టినారు. రెండు సమానమైన జట్లకు చెఱియొక 1.90 అని వ్రాయుదురు. నూఱు వేసినచో, గెలిచినప్పుడు అసలుతో సహా 190 వచ్చును. సమానమైన జట్లకు న్యాయమైన ధర 2.00. తక్కినవన్నియు అటుంచి ఈ పది పైసలనే పట్టుకొనుడు. సగము మార్లు గెలిచినవానికి నూటికి సగటున 95 తిరిగివచ్చును, 5 పోవును. నూటికి అయిదేగదా యని నవ్వవలదు. ఆ తొంబదియైదును మరల ఒడ్డును, అందులో మరల అయిదు పాళ్లు పోవును. వేయి రూపాయలను ఇట్లు ఇరువదిమార్లు త్రిప్పినచో సగటున మిగులునది 358. రాత్రికి నాలుగు పందెముల చొప్పున అయిదు రాత్రులు, అంతే. ఓడకుండ నుండవలెననిన నూటికి సుమారు 53 మార్లు సరిగా చెప్పవలెను. అట్టి జ్ఞాన మున్నవాడు నవాబుపేటలో చాయ త్రాగుచు కూర్చుండునా యని మా సందేహము.

మఱొక వింత మాట అక్యుమ్యులేటరు. నాలుగు పోటీల ఫలితములను మాలగా గ్రుచ్చి ఒకే పందెముగా వేయుట. నూటికి పదుమూడు వందలు వచ్చునని ఆశ చూపుదురు. 1.90 ని నాలుగుమార్లు గుణించిన 13.03 వచ్చునను మాట నిజమే. కాని నాలుగును నిజముచేయు అవకాశము పదునాఱింట ఒకటి. న్యాయముగా 16 ఈయవలసినచోట 13.03 ఇచ్చుచున్నారు. అయిదు పాళ్ల కోత పదునెనిమిదిన్నర పాళ్లకు పెరిగినది. కుఱ్ఱవాండ్రకు మిక్కిలి ప్రియమైన పందెమిదియే. ఆట నడుమనే పందెమును అమ్ముకొని బయటపడుటను క్యాష్‌ఔటందురు; దాని వెలయు వారే నిర్ణయింతురు, అనగా రెండవసారి కోత. వేయి రూపాయల బోనసందురు; కాని దానిని పదిమార్లు ఒడ్డినగాని చేతికీయమని చిన్న అక్షరములలో వ్రాయుదురు. పదివేల పందెముపై అయిదు పాళ్ల చొప్పున 500 అచ్చటనే హరించును. అది పూర్తియగులోపల అలవాటు కుదురును. వారికి కావలసినది అలవాటే.

"పోగొట్టుకొన్న చోటనే వెదకుకొనవలె" నని మన సామెత. దానిని జూదగాండ్రు శాస్త్రవాక్యముగా వల్లించుచున్నారు. ఓడినపుడెల్ల పందెము రెట్టింపు చేసినచో ఏనాటికైనను ఒక్క గెలుపుతో అంతయు తిరిగివచ్చునని వారి సిద్ధాంతము. లెక్క వేసి చూతము. 100 తో మొదలుపెట్టి వరుసగా ఏడుమార్లు ఓడినచో పోయినది 12,700. ఎనిమిదవమారు 12,800 ఒడ్డవలెను. గెలిచినాడనుకొందము! 1.90 ధరకు లాభము 11,520. అనగా గెలిచికూడ 1,180 నష్టము. ఏడుమార్లు వరుసగా ఓడుట అసంభవమని తలంపవలదు. సమానమైన పందెములలో 128 వరుసల కొకసారి అది వచ్చితీరవలసినదే. 2025 నాటి లీగులో పోటీలే 74. ఒక్కొక్కదానిలో సెషనులు ఎన్నియో ముందే చెప్పితిమి.

పైవన్నియు ఆట న్యాయముగా జరిగినదను నమ్మకముపై వేసిన లెక్కలు. 2000 సంవత్సరపు ఏప్రిలులో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా జట్టు నాయకుడు హాన్సీ క్రోన్యే సంభాషణలను బయటపెట్టిన నాటినుండి ఆ నమ్మకమునకు తూట్లు పడినవి. ఆ యేడు డిసెంబరులో మన హైదరాబాదువాడైన మాజీ నాయకుని క్రికెట్టు బోర్డువారు జీవితాంతము బహిష్కరించిరి. ఆ బహిష్కరణ చెల్లదని 2012 లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పినది. 2013 లో స్పాట్‌ఫిక్సింగను క్రొత్త మాట ఇంటింట వినబడినది: పోటీ నంతయు అమ్ముట గాక, ఒక ఓవరును మాత్రము అమ్ముట. ఆ వ్యవహారమున జస్టిసు లోధా సంఘమువారు 2015 లో రెండు జట్లను రెండేండ్లపాటు తొలగించిరి. సెషను పందెములున్నంతవఱకు ఒక్క ఓవరునకు కొనువాడుండును.

శాసనమేమి చెప్పుచున్నదని మమ్మడుగువారు కలరు. వృత్తిచే న్యాయవాదులము గనుక కొంత విస్తరించి చెప్పుట మా విధి. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30 వ సెక్షను ప్రకారము పందెపు ఒప్పందము చెల్లదు. గెలిచినవాడు ఓడినవానిపై దావా తేజాలడు. ఇది విని మన కుఱ్ఱవాండ్రు ధైర్యము తెచ్చుకొనుచున్నారు. తొందరపడవలదు. 1959 లో ఘేరూలాల్ పారఖ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, పందెము చెల్లనిదే గాని అంతమాత్రముచేత దానికి సంబంధించిన ఇతర ఒప్పందము లన్నియు రద్దుకావని చెప్పినది. మా యొద్దకు వచ్చు కాగితముల తీరు గమనింపుడు. ఊరిలోని ఏజెంటు మొదట అప్పుపై ఆడనిచ్చును. వారము చివర లెక్క చూచును. ఇయ్యలేనివానిని తన మనిషి యైన వేఱొక వడ్డీవ్యాపారికి అప్పగించును. ఆయన రొక్క మీయకయే ప్రామిసరీ నోటు వ్రాయించుకొనును. అందు పందెమను మాట యుండదు. "నా కుటుంబ ఖర్చుల నిమిత్తము తమవద్ద రొక్కముగా పుచ్చుకొన్నది" అని యుండును, నూటికి నెలకు రెండో మూడో రూపాయల వడ్డీ, రెవిన్యూ స్టాంపు, ఇద్దఱు సాక్షులు. సంతకము చేసిన నోటునకు ప్రతిఫలము ముట్టినదనియే కోర్టు మొదట భావించునని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము 118 వ సెక్షను చెప్పుచున్నది. మన రాష్ట్రమున జూదము నేరమైనందున ప్రతివాదికి వాదము లేకపోలేదు. రుజువు చేయు భారము మాత్రము వానిదే. రుజువేది? ఫోనులోని సందేశములు భయముచేత తానే తుడిచివేసినాడు. సాక్షు లిద్దఱును ఏజెంటు మనుష్యులే. తండ్రి వచ్చి మా యెదుట కూర్చుండి, "వాడు ఖర్చు పెట్టిన కుటుంబమేది సారూ, నేనెఱుగని కుటుంబము?" అని యడిగినపుడు మాకు సమాధానము తోచలేదు. కావున చెప్పునది: ఓడినవాడైనను సరే, ఆ కాగితముపై సంతకము పెట్టకముందు రండు, ఫోనును తుడువక తెండు.

ఇక ప్రభుత్వమువారి సంగతి. 1974 నాటి మన జూద చట్టము పందెమును నిషేధించుచునే, గుఱ్ఱపు పందెము నాడు, మైదానపు ఆవరణలోపల, లైసెన్సు గల బుకీతో గాని టోటులో గాని వేసినదానిని మినహాయించినది. గోడకు లోపల వినోదము, వెలుపల నేరము. గుఱ్ఱపు పందెము ప్రధానముగా నైపుణ్యముతో గూడినదని 1996 లో మద్రాసు వ్యాజ్యమున సుప్రీముకోర్టు నిర్ణయించినది. అంతకుముందే 1968 లో, సికిందరాబాదు క్లబ్బొకదానినుండి వచ్చిన వ్యాజ్యమున, 1305 ఫసలీ నాటి హైదరాబాదు జూద శాసనమును విచారించుచు, రమ్మీ యాట కేవలము అదృష్టాధీనము గాదని చెప్పియున్నది. ఈ నైపుణ్యమను మాటనే యాపులవారు చాలకాలము కవచముగా ధరించిరి. క్రికెట్టున నైపుణ్యము లేదని యెవడనును? బ్యాటు పట్టినవానికి కలదు. మూడువందల మైళ్ల దూరమున మంచముపై పరుండి అంకె నొక్కువానిది ఏ నైపుణ్యమో ధర్మశాస్త్రములు వెదకినను దొరకదు.

2017 లో మన రాష్ట్రము చట్టమును సవరించి, అంతర్జాలమున డబ్బొడ్డి ఆడు ఆటలను గూడ నిషేధములోనికి తెచ్చినది. అట్లు చేసిన మొదటి రాష్ట్రములలో మనదొకటి. ఐనను తారల ముఖములతో ప్రకటనలు ఆగలేదు. 2025 మార్చిలో సినిమా నటులపైనను, సామాజిక మాధ్యమములలో పేరుపొందినవారిపైనను హైదరాబాదున కేసులు నమోదై, ఆ నెలలోనే ముఖ్యమంత్రి ప్రత్యేక దర్యాప్తు బృందమును శాసనసభలో ప్రకటించెను. ఆ ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో గూడిన అంతర్జాల క్రీడలను దేశమంతట నిషేధించు శాసన మామోదించగా, 22 న రాష్ట్రపతి సమ్మతి లభించినది. ఆడించువానికి మూడేండ్ల ఖైదు, కోటి రూపాయల జరిమానా వఱకు. ప్రకటించువానికి రెండేండ్లు, ఏబది లక్షల వఱకు. ఆడువానికి శిక్ష లేదు. ఆడినవానిని బాధితునిగా నెంచిన ఈ పద్ధతి మాకు సమ్మతమే. పరదేశములలో కంపెనీ పెట్టి, ఇచ్చటి కూలిడబ్బును అచ్చటి కంతయు తరలించుకొనిపోవు వ్యాపారము ఎన్నటికిని మన దేశమునకు మేలు చేయదు.

ఐనను ప్రభుత్వమువారి మనసు నిలుకడగా నున్నదని చెప్పజాలము. 2018 లో లా కమిషనువారు తమ 276 వ నివేదికలో, పందెములను పూర్తిగా అడ్డుకొనజాలనిచో నియంత్రించి పన్ను వసూలు చేయవచ్చునని సూచించిరి. 2023 అక్టోబరు 1 నుండి పందెపు పూర్తి మొత్తముపై నూటికి 28 వంతున విధించిన పన్ను, 2025 సెప్టెంబరు 22 నుండి 40 అయినది. గెలిచినదానిపై ఆదాయపు పన్ను 30. పన్ను పెంచినచో జూదము తగ్గునందురు. తగ్గిన జూదగాడు తెర మఱుగున ఏజెంటు నొద్దకు పోవునని మా యనుమానము, ఏలయన అతనియొద్ద పన్ను లేదు. ఈ ఆలోచన నేటిది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుడను ఉద్యోగియే కలడు. ఒక్కచోటనే ఆడించి, గెలిచిన ద్రవ్యములో నూటికి అయిదు రాజునకు వసూలు చేయవలసినవాడు. అయిదు పాళ్లు! ఫోనులోని 1.90 కోతయు నంతే. రాజు చేసిన పనిని నేడు కంపెనీ చేయుచున్నది. అబ్కారీ ఆదాయమునకు అలవాటుపడిన ప్రభుత్వములు కల్లుపాకలను మూయుటకు ఎంత వెనుదీసినవో మన పెద్దలు ఎఱుగుదురు. జూదమున భాగస్వామియైన ఖజానా జూదమునకు శత్రువు కాజాలదు. కావున నియంత్రించి పన్ను గొనుడను వాదము మాకు సమ్మతము గాదు. మలకుపేట గోడకు లోపలి మినహాయింపును గూడ శాసనసభ్యులు మరల యోచింపవలెను. ధనికుని పందెమునకు ఆవరణ, కూలివాని పందెమునకు ఠాణా యనునది ప్రజాస్వామ్యమున శోభింపదు.

చట్టము పనిచేయువఱకు చేతులు కట్టుకొని కూర్చుండ నక్కఱలేదు. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది. చదువు రానివానికి చదివి వినిపించుట గ్రంథాలయమునకు తగిన పని. నేడు చదువు వచ్చినవానికే లెక్క వినిపింపవలసి వచ్చినది. నవాబుపేటలోను, చుట్టుప్రక్కల గ్రామములలోను, వికారాబాదు, తాండూరు పట్టణములలోను పఠనమందిరము లున్నచోట మందిరములలో, లేనిచోట పాఠశాల వరండాలలో, లీగు మొదలగుటకు ముందు ఒక్క సాయంకాల మేర్పాటు చేయుడని కార్యదర్శులను, గణితోపాధ్యాయులను కోరుచున్నాము. ఉపన్యాసములు వలదు. ఒక నల్లబల్ల, నాలుగు సుద్దముక్కలు, వందమార్లు బొమ్మాబొరుసు వేయుటకు ఒక రూపాయి నాణెము చాలును. హోటలు నొద్ద ఆడు కుఱ్ఱవాండ్రనే పిలిచి, ఒకనిచే నాణెము వేయించి, ఒకనిచే 1.90 చొప్పున చిట్టా వ్రాయించి, చివర ఎవరియొద్ద ఎంత యున్నదో వారిచేతనే కూడింపుడు. బుకీ వేషము వేయుటకు మిక్కిలి తెలివితక్కువవానిని ఎన్నుకొనుడు. ప్రోనోటు సంగతి చెప్పుటకు మాలో నెవరైనను రుసుము లేక వచ్చెదరు. ఏ ఊరివారు ఏ దినము కోరుదురో ఈ పత్రిక చిరునామాకు వ్రాసిన చాలును.